చిత్తు కట్టలో ప్రశ్నపత్రం

కిందటి వారం మీరు నన్ను మా అక్క కూతురి చదువు బల్ల దగ్గర, చేతిలో ఒక కాగితం ముక్కతో నిలబెట్టి వెళ్ళిపోయారు. ఈ వారం రోజులూ మీరు హాయిగానే ఉండి ఉంటారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కి అక్కడే కూర్చుంది. కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను. ఐదో ముక్క చెప్పే ఓపిక నాకు లేదు.

నేను ప్రెస్సులో, బైండింగు సెక్షన్లో, పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్క ఆసుపత్రిలో నర్సు. బావ పోయాక ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటున్నాం. మూడో మనిషి అక్క కూతురు. అందరం చీమ అంటాం. మనిషి పిసరంత, పట్టిందంటే మాత్రం వదలదు. ఆ పిల్ల పట్టుకున్నది ఒకే ఒక్క కాలేజీ. ఆ కాలేజీకి సొంత ప్రవేశ పరీక్ష ఉంది, రెండుసార్లకు మించి ఎవరినీ రాయనివ్వరు. పోయిన ఏడాది మూడంటే మూడు మార్కుల్లో పోయింది. ఈ ఆదివారం రెండోసారి. ఇది పోతే ఆ గుమ్మం ఇక ఎక్కేది లేదు.

అక్క డ్యూటీల మధ్య నలిగిపోతోందని చీమ చదువు నా నెత్తిన వేసుకున్నాను. నాకు లెక్కలు రావు. గడియారం చూడటం వచ్చు. మూడు గంటలు టైము పెట్టి మోడల్ పేపరు రాయిస్తాను, మధ్యలో మంచినీళ్ళకు కూడా లేవనివ్వను, తప్పు చేసిన లెక్క ఐదుసార్లు చేయిస్తాను. రాక్షసివి పిన్నీ అంటుంది. అననీ. చిత్తు కాగితాలకు లోటు రాకుండా చూడటం కూడా నా పనే. మా ప్రెస్సువాళ్ళ పిల్లలందరూ మందుల లేబుళ్ళ వెనకే ఎక్కాలు నేర్చుకున్నారు. అచ్చులో పాడైన షీట్లను కటింగు మాస్టరు నాలుగు ముక్కలుగా కోసి, తెల్లవైపు పైకి పెట్టి కట్టలు కడతాడు. ఎవరికి కావాలంటే వాళ్ళు ఇంటికి పట్టుకెళ్తాం. ప్రెస్సు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

బుధవారం సాయంత్రం చీమ రాసేసిన చిత్తు ఏరుతూ ఒక ముక్క వెనక్కి తిప్పాను. ఆ కాలేజీ ముద్ర ఉంది. ప్రవేశ పరీక్ష అని ఉంది. కింద తేదీ ఈ ఆదివారానిది. మిగతా కట్ట తిప్పి చూడటం కూడా పాపమనిపించి, ఉన్నదున్నట్టు మూటగట్టి నా ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేశాను. నాలుగు రోజుల్లో పరీక్ష పెట్టుకుని పిల్ల మనసు పాడుచేయడం ఎందుకని చీమకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ముక్కను మాత్రం టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను.

ఇక గురువారం పొద్దున సంగతి.

మేనేజరు గదికి మూడు వైపులా అద్దాలే. లోపల ఏం జరుగుతోందో మెషీన్ల దగ్గరున్న ప్రతివాడికీ కనిపిస్తుంది, మెషీన్ల మోతలో ఒక్క ముక్కా వినిపించదు. నేను వెళ్ళేసరికి ఆయన టీ తాగుతున్నాడు.

"మేనేజరు గారూ, తాళం గది చిత్తు ఏం చేశారు?" అన్నాను.

రహస్యంగా వేయాల్సిన పని ఏదైనా వస్తే మా ప్రెస్సులో ఒక గదిలో పెట్టి, తాళం వేసి అచ్చు వేస్తారు. అక్కడ పాడైన ప్రతి షీటూ మేనేజరు కళ్ళ ముందు మిషన్లో వేసి పీలికలు చేయాలి. చేశామని రిజిస్టరులో సంతకం పెట్టాలి.

"పీలికలు చేయించాం. సంతకం కూడా పెట్టాను. నీకెందుకమ్మా అవన్నీ? నీది బైండింగు కదా."

ముక్క తీసి, అచ్చు వైపు పైకి వచ్చేలా ఆయన టేబుల్ మీద పెట్టాను. టీ గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. ఆయన లేచి వెళ్ళి తలుపు వేశాడు. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు ఆయనకు నోరొచ్చింది. వచ్చినప్పుడు ఏం మాట వచ్చిందో తెలుసా?

"ఇది నువ్వు ఎప్పుడు ఎత్తుకెళ్ళావు?"

చూశారా! నేను తెచ్చి చూపిస్తే నేనే దొంగని.

"నోరు జాగ్రత్త మేనేజరు గారూ," అన్నాను. "పంతొమ్మిదేళ్ళలో ఈ ప్రెస్సు నుంచి కుట్టుసూది కూడా ఇంటికి పట్టుకెళ్ళలేదు. పీలికల మిషను బెల్టు తెగి నలభై రోజులైంది. మనవాళ్ళు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు. మీరేమో ఇరవై రోజుల కిందట పీలికలు చేశామని సంతకం పెట్టారు. బెల్టు లేకుండా ఎలా చేశారు, పళ్ళతో కొరికారా?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను. అద్దాల గది కట్టించుకుంది మీరే. చూడనీయండి అందరినీ."

ఆయన చెయ్యి ఊపి కటింగు మాస్టరును పిలిచాడు. మాస్టరు మంచివాడు, కానీ మెషీన్ మోతకు చెవుల్లో ఎప్పుడూ దూది పెట్టుకుంటాడు. ఏది అడిగినా రెండుసార్లు అడగాలి. తాళం గది చిత్తు నింపి మెట్ల కింద పెట్టిన సంచుల సంగతి ఏంటని మేనేజరు రెండోసారి అడిగాక దూది తీశాడు.

"మీరే కదా సార్, తనిఖీకి ఎవరో వస్తున్నారని మెట్ల కింద ఖాళీ చేయమన్నారు? రెండు సంచులున్నాయి. వెనక తెల్లగా ఉంది. కోసి, లేబుళ్ళ చిత్తులో కలిపి రెండు కట్టలు కట్టాను. ఒకటి అక్కడే బల్ల కింద ఉంది, ఇంకా విప్పలేదు. ఇంకోటి ఈవిడ తీసుకెళ్ళింది, వాళ్ళ పిల్లకు." మా ఇద్దరి మొహాలూ చూసి ఆగాడు. "ఏం సార్, లేబుళ్ళవే కావాలా?"

అయ్యో మాస్టరూ! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది నీ పని. ఆయన్ని పంపించేశాక మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలోకి కొంచెం రంగు వచ్చింది.

"అంటే బయటికి వెళ్ళింది మీ ఇంటికి ఒక్కదానికే," అన్నాడు.

"మీ పుణ్యాన."

"ఎవరి పుణ్యానైతేనేం. చూడమ్మా, నిదానంగా ఆలోచించు. ఆ పిల్ల పోయినసారి మూడు మార్కుల్లో పోయిందని నువ్వే కదా ఏడ్చావు? ఇప్పుడు ఆ పేపరే నడిచి మీ ఇంటికొచ్చింది. నువ్వు అడగలేదు, నేను ఇవ్వలేదు. కళ్ళు మూసుకో. నాలుగు రోజులు. ఆ తర్వాత ఎవరికీ ఏమీ గుర్తుండదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా ఆ పిల్ల పడుతున్న కష్టాన్ని ఈ మనిషి పాత కాగితాల్లో కలిపేశాడు. "నా పిల్ల దొంగసరుకుతో గట్టెక్కాలా? దానికేం ఖర్మ? మీరు చేసిన వెధవపని దాచుకోవడానికి దాని మార్కుల మీద మసి పూస్తారా?" అన్నాను. "ఇప్పుడే ఫోన్ తీసి కాలేజీ పరీక్షల ఆఫీసుకి చెప్పండి. ఈ పేపరు పనికిరాదని చెప్పండి. రెండో సెట్టు కూడా మనమే వేశాం కదా, అది ఇస్తారు. పరీక్ష ఆగదు. ఎవరి పిల్లకూ ఏమీ కాదు. పోతే మీ కుర్చీ పోతుంది, అంతే."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది.

"నా కుర్చీ ఒక్కటేనా? దరఖాస్తు ఫారం నింపింది నువ్వే కదా, వెనక రాసింది చదివావా? ప్రశ్నపత్రం ముందుగా చూసిన అభ్యర్థిని ఇక ఎప్పటికీ పరీక్షకు రానివ్వరు. ఎలా చూశారన్నది వాళ్ళకి అనవసరం. నేను ఫోన్ చేస్తే వాళ్ళు మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే."

చదివాను. అచ్చు చిన్నదైనా ప్రతి అక్షరం చదివాకే చీమ చేత సంతకం పెట్టించాను. అయినా తగ్గలేదు, ఎందుకంటే నాకు ఒక ధైర్యం ఉంది.

"మా పిల్ల చూడలేదు," అన్నాను. "అది రాసింది తెల్లవైపు. అచ్చు వైపు తిప్పే తీరిక కూడా దానికి లేదు. కట్ట మొత్తం నా పెట్టెలో ఉంది, ఒక్క ముక్క కూడా పోలేదు. వచ్చి లెక్కపెట్టుకోమనండి. ఉన్నదున్నట్టు చెప్పండి, మీరు మిషను బాగుచేయించలేదని, సంచులు మెట్ల కింద పడేశారని, తెలియక నేను పట్టుకెళ్ళానని. నాలుగు గంటల వరకూ చూస్తాను. ఆలోపు మీరు చెప్పకపోతే నేనే వెళ్తాను. అప్పుడు సంతకం సంగతి కూడా నేనే చెప్తాను."

ముక్క తీసుకుని సంచిలో వేసుకున్నాను. తలుపు తీస్తే మెషీన్ల మోత ఒక్కసారిగా మీద పడింది. అందరూ నన్నే చూస్తున్నారు. మధ్యాహ్నం దాకా ఎలాగో పనిచేసి, సగం రోజు సెలవు రాసి పడేసి ఇంటికొచ్చేసరికి మూడు దాటింది.

అక్క అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోకుండా, వేణ్ణీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, ఇంత పెందలాడే వచ్చావు? ఒంట్లో బాగుండలేదా?"

అంతా చెప్పాను. అయిపోయాక అక్క కాళ్ళు బకెట్లోంచి తీసి, తడికాళ్ళతోనే నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకు పిచ్చిగానీ పట్టిందా? ఆ కట్ట పట్రా. పొయ్యిలో పెడదాం. అయిపోయింది."

"అయిపోదక్కా. ఆదివారం ఆ పేపరే ఇస్తారు."

"ఇవ్వనీ! చీమ చూడలేదన్నావు కదా. చూడనిదానికి శిక్షెందుకు పడాలి? నువ్వు వెళ్ళి చెప్తే నీ మాట నమ్మేదెవరు? ప్రెస్సులో పనిచేసే పిన్ని, పరీక్ష రాసే పిల్ల, ఇంట్లో పేపరు. నేనే అయితే నమ్ముతానా? నువ్వు నమ్ముతావా?"

"రేపు ఇది ఎలాగోలా బయటపడితే? జన్మంతా ఆ మేనేజరుకి భయపడుతూ బతకాలా? అది కష్టపడి తెచ్చుకున్న సీటు గురించి ఎవడో ఒకడు వేలెత్తి చూపిస్తే అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు చూద్దాం. ముందు సీటు రానీ!" అక్క గొంతు వీధిలోకి వినిపిస్తోంది. "రాత్రీ పగలూ నిలబడి పనిచేస్తున్నది ఎవరికోసం? నా కాళ్ళు చూడు. చూడవే! ఈ పిల్ల ఆ గుమ్మం ఎక్కితే చాలు, ఇవి విరిగిపోయినా ఏడవను. నీకేం, నీతులు చెప్పడానికి సుఖంగానే ఉంటుంది. నీ కడుపున ఒకరు పుట్టి ఉంటే తెలిసేది."

ఆ మాట అన్న మనిషే అలా నిలబడిపోయింది. మా ఇద్దరి మధ్య ఇన్నేళ్ళలో రాని మాట అది. నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా ఎటు పోయిందో తెలియలేదు. బల్ల మీదున్న గడియారం తీసి ఊరికే కీ తిప్పుతూ కూర్చున్నాను.

"అలా అనాలని కాదే..." అంది అక్క.

"అన్నావు కదా. వదిలెయ్."

అప్పుడు చూశాం ఇద్దరం. చీమ గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో చెప్పులు. ట్యుటోరియల్ నుంచి ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"ఏ కట్ట పిన్నీ?" అంది. "లేబుళ్ళ కట్టేనా? వెనక ప్రశ్నలున్నదేనా?"

నేను కుర్చీలోంచి లేచాను. "ప్రశ్నలున్నాయని నీకెలా తెలుసు?"

"పోయిన ఆదివారం ఒక ముక్క గాలికి ఎగిరి తిరగబడింది. మంచి లెక్కలున్నాయి. మీ ప్రెస్సులో ఎవరిదో పాత మోడల్ పేపరనుకున్నాను." చీమ నా మొహం చూస్తూ మెల్లిగా మాట్లాడుతోంది. "రాసేసినవి వదిలేసి, కట్టలో మిగిలినవన్నీ తిప్పి, ప్రశ్నలున్నవి వరసలో పేర్చాను. అన్నీ చేశాను. ఒక్కటి రాలేదు. నలభై ఏడోది."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనైతే ఆ పిల్ల భుజాలు పట్టుకుని కుదిపేశాను. "చెప్పొద్దా నాకు? రోజూ పక్కనే కూర్చుంటున్నాను కదే! ఒక్క మాట చెప్పొద్దా?"

"మోడల్ పేపరు దొరికితే చెప్పడానికేముంది? పైగా లెక్కల సంగతి నీకు చెప్తే ఏం లాభం?" అంది చీమ. దాని కళ్ళల్లోకి కూడా కోపం వచ్చింది. "నువ్వు నిన్ననే చెప్పాల్సింది నాకు. పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నావు. నేనేమన్నా చిన్నపిల్లనా?"

చీమ సంచిలోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. జిరాక్సు కాగితాలు, రెండు, పిన్ను కొట్టి ఉన్నాయి. మొత్తం అరవై ప్రశ్నలు. నీటుగా, గుండ్రంగా, చీమ చేతిరాతలో.

"నలభై ఏడోది అడుగుదామని మొత్తం శుభ్రంగా రాసి ట్యుటోరియల్లో లెక్కల సారుకిచ్చాను. ఇవాళ క్లాసులో అందరికీ పంచారు. స్పెషల్ పేపరు అన్నారు."

అక్క ఆ కాగితాలు లాక్కుని వంటింట్లోకి పరిగెత్తింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది.

"ఎన్ని కాలుస్తావమ్మా?" అంది చీమ, ఉన్నచోటి నుంచి కదలకుండా. "క్లాసులో నూట ఎనభై మందిమి ఉన్నాం."

స్టవ్ ఆరిపోయింది. అక్క బయటికి రాలేదు.

నేను ట్రంకు పెట్టె తాళం తీశాను. మూట విప్పి, కట్టను మంచం మీద పరిచి, ఒక్కో ముక్కా తిప్పాను. దగ్గు మందు. కాలిన గాయాల మలాము. దగ్గు మందు. కంటి చుక్కలు. అన్నీ లేబుళ్ళే. అరవై ప్రశ్నల్లో ఒక్క ప్రశ్న ఉన్న ముక్క కూడా లేదు. నిన్న సాయంత్రం ఒక్క నిమిషం ధైర్యం చేసి తిప్పి చూసి ఉంటే నాకు నిన్ననే తెలిసేది. పాపభయమట, నా మొహం!

"మిగతావి ఎక్కడున్నాయే?" అన్నాను.

"సారు దగ్గర." చీమ మంచం అంచున కూర్చుంది. ఇప్పుడిప్పుడే దానికి అర్థమవుతోంది. పెదవులు తెల్లబడ్డాయి. "సోమవారం నేను రాసిచ్చింది చదివి, ఇవి ఎక్కడివి అన్నారు. మా పిన్ని ప్రెస్సు నుంచి తెచ్చిందన్నాను. స్టాఫ్ రూమ్ తలుపు వేసి, ఆ అసలు ముక్కలు కూడా రేపు తెమ్మన్నారు. మంగళవారం తీసుకెళ్ళి ఇచ్చాను. మీ పిన్నికి చెప్పొద్దు, ఊరికే కంగారు పడుతుంది అన్నారు."

కంగారా! వాడి ట్యుటోరియల్ తగలెయ్య! పిల్ల చేతిరాతతో నూట ఎనభై కాపీలు తీయించి, అసలువి తన దగ్గర పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పాఠాలు చెప్పుకుంటున్నాడా? రేపు ఎవరైనా అడిగితే, ఈ పిల్లే తెచ్చిందండీ, చూడండి రాత, అంటాడు. చెప్పులు వేసుకున్నాను. ముందు వాడి గొంతు పట్టుకుని ఆ ముక్కలు లాక్కోవాలి, తర్వాత మేనేజరును ఆపాలి. గడియారం నాలుగుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఆ మనిషి ఎలాగూ ఫోన్ చేసి ఉండడు, పిరికివాడు, ఆఖరి నిమిషం దాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాడు. జీవితంలో మొదటిసారి ఆ పిరికితనం మీదే ఆశ పెట్టుకున్నాను.

గుమ్మం దాటుతుంటే ఫోన్ మోగింది. ప్రెస్సు నంబరు.

"ఏమ్మా, ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" మేనేజరు గొంతు బొంగురుపోయి ఉంది, ఏడ్చినవాడిలా. "పొద్దుటి నుంచీ ఆలోచించాను. నాకూ ఆడపిల్లలున్నారు. నువ్వు చెప్పిందే నిజం. స్వయంగా పరీక్షల ఆఫీసుకి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. నీకూ పిల్లకూ ఏ మాటా రాకూడదని రాతపూర్వకంగా ఇచ్చాను. కట్ట మొత్తం ఇంట్లో భద్రంగా ఉంది, ఒక్క ముక్క పోలేదు, పిల్ల వెనక్కి తిప్పి కూడా చూడలేదు అని. నీ మాట మీద సంతకం పెట్టాను. వాళ్ళ మనిషి బయల్దేరాడు, లెక్కపెట్టి తీసుకుంటాడు. ఇల్లు కదలకు."

ఫోన్ పెట్టేశాడు. మంచం నిండా దగ్గు మందు లేబుళ్ళు. వంటింటి గుమ్మంలో అక్క, చేతిలో కాలని జిరాక్సు కాగితాలు.

"ఎవరు పిన్నీ?" అంది చీమ.